నిలబడ్డ చెట్లకు గడి లేదు

మా ఇంట్లో బీరువా పైన, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. అట్ట మీద నా చేతిరాతతో ‘డీఎస్సీ – మెథడాలజీ’ అని ఉంటుంది. మొదటి ఇరవై పేజీలు నిజంగా మెథడాలజీయే. ఆ తర్వాత మా ఊరి చెట్లు మొదలవుతాయి.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. సముద్రం మా తోటలకు నాలుగు కిలోమీటర్లు. మా ప్రాంతం పేరు ఉద్దానం. ఆ మాట వింటే బయటివాళ్లకు కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. మాకు మాత్రం ముందు తోటే గుర్తొస్తుంది. ఉద్యానవనం అనే మాటే నోట నలిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి, వాటి సందుల్లో అరటి, కంద. చిన్నప్పుడు బడికి వెళ్లి వచ్చేదాకా నెత్తిమీద ఎండ పడేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. 2018 అక్టోబరు 11న తుఫాను వచ్చి తెల్లారాక నేను మొదట గమనించింది ఎండనే.

తుఫాను వస్తుందని మాకు తెలియక కాదు. గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందని రెండు రోజుల నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. కానీ 2013లో ఫైలిన్ తుఫానుకీ అలాగే అన్నారు, అది పైకి పోయి గోపాల్‌పూర్ దగ్గర దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ వచ్చింది, అది కిందికి పోయి విశాఖపట్నాన్ని పట్టుకుంది. రెండుసార్లూ మాకు కొన్ని చెట్లు పోయాయి, కరెంటు పోయింది, అంతే. దాంతో ఈసారి కూడా పక్కనుంచి పోతుందిలే అనే ధీమా ఊళ్లో ఉండిపోయింది. ఈ తుఫానుకు పాకిస్తాన్ వాళ్లు పెట్టిన పేరు తిత్లీ, అంటే సీతాకోకచిలుక. ఆ పేరు విని భయపడేవాళ్లు ఎవరుంటారు! దసరా నవరాత్రులు ముందు రోజే మొదలయ్యాయి. మా వీధి చివర అమ్మవారికి పందిరి వేసి సీరియల్ లైట్లు కట్టారు. పదో తారీఖు రాత్రి భోజనాలు అయ్యేదాకా ఆ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

అర్ధరాత్రి కరెంటు పోయింది. ఒంటి గంటకల్లా వీధిలో రేకుల ఇళ్లవాళ్లు, పాకలవాళ్లు మా ఇంటికి వచ్చేశారు. మాది స్లాబు ఇల్లు, రెండు గదులు. పిల్లలతో కలిపి ఇరవై ముగ్గురం. నాన్న, మరో ఇద్దరు తలుపుకి బియ్యం బస్తాలు ఆనించి, వాటి మీద కూర్చుని వీపుతో తోస్తూ ఉండిపోయారు. గాలి చప్పుడు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు. దాని మధ్యలో వినిపించిన చప్పుళ్లు మాత్రం చెప్పగలను. కొబ్బరి చెట్టు మధ్యకి విరిగితే పెళ్లున ఒక్కటే చప్పుడు. వేళ్లతో లేస్తే ముందు చాలాసేపు నారలు తెగుతున్నట్టు పటపటమంటుంది, ఆ తర్వాత నేల అదురుతుంది. జీడి చెట్టుకి ఈ రెండూ ఉండవు. ఇసుక నేల కదా, గొడుగు తిరగబడ్డట్టు ఒరిగిపోతుంది. మొదట్లో నాన్న ప్రతి చప్పుడుకీ “అది నుయ్యి దగ్గరది… అది గట్టు మీద జంట చెట్టు…” అంటూ ఉన్నారు. కాసేపటికి మానేశారు.

నాలుగున్నరో ఐదో అయి ఉంటుంది, ఒక్కసారిగా గాలి ఆగింది. పిల్లలు బయటికి పోతామన్నారు. మా వీధి ముసలమ్మ ఒకావిడ, మేమంతా అప్పమ్మ అని పిలుస్తాం, తలుపుకి అడ్డం కూర్చుంది. “ఎవులూ ఎల్లొద్దు. అది ఎనక్కి తిరిగొస్తాది” అంది. ఎనక్కి తిరిగి రావడం ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. తుఫాను కన్ను మా మీదుగా పోతోందని, దాని అవతలి అంచు గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుందని తర్వాత చదువుకున్నాను. అప్పమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. పావుగంటో ఇరవై నిమిషాలో, మళ్లీ మొదలైంది. ఈసారి వెనక గది కిటికీ వైపు నుంచి.

తెల్లారాక తోటలోకి వెళ్తే ఆ రెండు గాలులూ నేల మీద రాసిపెట్టినట్టు కనిపించాయి. ఈశాన్యం గాలికి పడ్డ చెట్ల తలలన్నీ నైరుతి వైపు ఉన్నాయి. వాటి మీద అడ్డంగా, తలలు ఈశాన్యానికి పెట్టి, రెండో గాలికి పడ్డవి. మొదటి గాలికి వేళ్లు కదిలి ఒరిగిన చెట్లను రెండోది అటు నుంచి వచ్చి పడగొట్టింది. పచ్చి చెక్క వాసన, జీడి జిగురు వాసన కలిసి గొంతులో పట్టేసింది. నిలబడ్డ చెట్ల ఆకులు సాయంత్రానికల్లా మాడినట్టు అయిపోయాయి, ఉప్పు గాలికి. దారి ఏదో, తోట ఏదో, గట్టు ఎక్కడుందో తెలియలేదు. పుట్టి పెరిగిన ఊళ్లో మా సొంత నుయ్యి వెతుక్కోవాల్సి వచ్చింది. గాలి వేగం గంటకు 140, 150 కిలోమీటర్లు ఉందని, మా మండలంలోనే పల్లిసారథి దగ్గర తీరం దాటిందని నాలుగో రోజు పేపరు చూశాక తెలిసింది.

మా ఊళ్లో ఎవరి ప్రాణమూ పోలేదు. అది ముందే చెప్పాల్సింది.

మొదటి మూడు రోజులు మేం బతికింది కొబ్బరి నీళ్లతో. కరెంటు లేదు కాబట్టి బోరు లేదు, ట్యాంకులో నీళ్లు లేవు. నుయ్యి నిండా ఆకులు, కొమ్మలు. కానీ ఎక్కడ చూసినా పచ్చి బొండాలు, గెలలకు గెలలు నేల మీద. పిల్లలు, పశువులు, అందరూ అవే తాగాం. వాటితోనే నోరు కడుక్కున్నాం. అమ్మవారి పందిరి ఎటు పోయిందో తెలియదు గానీ చందా డబ్బులు కమిటీ కుర్రాళ్ల దగ్గర ఉన్నాయి. వాటితో బియ్యం, పప్పు తెచ్చి బడి వరండాలో వంట పెట్టారు. ఇంటికొకరు కట్టెలు మోశాం. కట్టెలకు కరువా! అన్నీ తడిసి పచ్చివి, పొగ తప్ప మంట రాదు. పాత కొబ్బరి డొక్కలు ఎవరింట్లో ఉంటే వాళ్లు బుట్టలతో తెచ్చి ఇచ్చారు. అరటి గెలలు కూడా బోలెడు పడ్డాయి. ఐదు రోజులు పూట పూటకీ అరటికాయ కూరే. ఇప్పటికీ మా తమ్ముడు ఆ కూర ముట్టడు.

ఆ నీళ్లు తాగకూడనివాళ్లు కూడా ఊళ్లో ఉన్నారు. మా పెదనాన్నకు అప్పటికి ఏడాదిన్నరగా డయాలసిస్ నడుస్తోంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మనకు అది మంచిదే, కిడ్నీలు పోయినవాళ్లకు మాత్రం ఒంట్లోంచి బయటికి పోదు, పేరుకుని గుండె మీదికి వస్తుంది. మామూలు నీళ్లు కూడా ఆయన రోజుకి ఇన్ని గ్లాసులని కొలుచుకుని తాగాలి. తాగడానికి కొన్న నీళ్ల క్యాన్‌లో అడుగున మిగిలినవి మా పెద్దమ్మ గిన్నెలో పోసి మూతపెట్టి ఎవరినీ ముట్టనివ్వలేదు. రెండో రోజుకి ఆయన పెదాలు ఎండి పొట్టు లేచాయి. అరుగు మీద కూర్చుని, ఎదురుగా పిల్లలు బొండాలు కొట్టుకుని తాగుతుంటే చూస్తూ, “ఊరి నిండా నీల్లే. నాకే నేవు” అన్నారు. కోపంగా అనలేదు, బాధగా కూడా కాదు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆయన డయాలసిస్ రోజులు మంగళ, శుక్రవారాలు. తుఫాను వచ్చింది గురువారం తెల్లవారుజామున. శుక్రవారం పలాస వెళ్లాలి, ఇరవై కిలోమీటర్లకు పైనే. దారి లేదు. ఊళ్లో రంపం మిషన్ ఒక్కటే ఉంది, అందులో పెట్రోలు లేదు. నలుగురు తమ బైకుల ట్యాంకుల్లోంచి తీసి పోశారు. మిగతావాళ్లు గొడ్డళ్లు, కత్తులు పట్టుకున్నారు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టి చీకటి పడేవేళకు కోసింది మూడు కిలోమీటర్లకు తక్కువే. శనివారం మళ్లీ మొదలుపెట్టి ముందుకు పోతే, అవతలి నుంచి కూడా గొడ్డలి చప్పుడు వినిపించిందట. పక్క ఊరివాళ్లు వాళ్ల వైపు నుంచి కోసుకుంటూ వస్తున్నారు. అలా రోడ్డు పొడుగునా ఏ ఊరి ముక్క ఆ ఊరు కోసుకుంది. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు, ఫోన్లే లేవు. యంత్రాలు, వేరే జిల్లాల నుంచి కరెంటు వాళ్లు ఆ తర్వాత వచ్చారు, వాళ్లూ రాత్రింబవళ్లు కష్టపడ్డారు. కానీ మొదటి రెండు రోజులూ ఆ దారి తెరిచింది ఊళ్లే.

పెదనాన్నను బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి, దుంగలు అడ్డం వచ్చినచోట దింపి, ప్లాస్టిక్ కుర్చీలో నలుగురు ఎత్తి దాటించి, అవతల ఇంకో ఊరి కుర్రాడి బైకు ఎక్కించారు. అలా బైకులు మారుతూ శనివారం సాయంత్రానికి పలాస చేరారు. అక్కడ జనరేటర్ మీద మిషన్లు నడుస్తున్నాయి. ఆయనలాగే ఊళ్ల నుంచి మోసుకొచ్చినవాళ్లు వరండా నిండా ఉన్నారట. రాత్రి పదకొండుకు ఆయన వంతు వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఉన్నారు.

ఇక నోట్‌బుక్ సంగతి. ఐదో రోజో ఆరో రోజో, నష్టం రాసుకోవడానికి మనుషులొస్తారు, ముందే మన లెక్క మనం తీసి ఉంచుకుందాం అని పెద్దలు అనుకున్నారు. చదువుకున్న పిల్ల, రాత బాగుంటుంది అని నాకు అప్పగించారు. డీఎస్సీ పుస్తకం తప్ప ఇంట్లో ఖాళీ కాగితం లేదు. స్కేలుతో గీతలు గీశాను: పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, పడిన కొబ్బరి, పడిన జీడి.

మూడు రోజులు తోటలన్నీ తిరిగాను, దుంగల మీద నడుచుకుంటూ. ఒక్కో రైతూ తన చెట్ల దగ్గర నిలబడి లెక్క చెప్పడం నేను మర్చిపోలేను. ఎవరూ “ముప్పై రెండు” అని అంకె చెప్పలేదు. “ఇది మా నాన్న పాతింది, ఇది మా పెద్దది పుట్టినప్పటిది, ఇది ఏటా రెండొందల కాయిచ్చేది” అంటూ ఒక్కొక్కటీ చూపించి, నేను ఒక్కో గీత గీస్తుంటే ఆ గీత పడేదాకా ఆగి, తర్వాతి చెట్టుకి నడిచారు. కౌలుకి చేసేవాళ్లు పేరు రాయించుకోవాలా వద్దా అని తటపటాయించారు. ఇద్దరన్నదమ్ముల గట్టు మీద పడ్డ చెట్టును “వాడి పేరున రాయమ్మా” అని ఒకరు, “వద్దు, అన్న పేరున రాయి” అని ఇంకొకరు. ఏడేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు వాళ్లు.

మా నాన్నవి కొబ్బరి తొంభై ఆరు. పడినవి డెబ్బై ఒకటి. ఎకరన్నర జీడి మొత్తం పోయింది.

మిగిలిన ఇరవై ఐదింటిని ఏం చేయాలో నాకు తెలియలేదు. నిలబడే ఉన్నాయి. కానీ కొన్నింటికి నాలుగు మట్టలు మిగిలాయి, కొన్నింటికి మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురు, మెలితిరిగి పక్కకు వేలాడుతోంది. ఒక్క గెల లేదు, పిందె లేదు. వాటికోసం చివర ఇంకో గడి గీశాను: ‘నిలబడ్డవి – దెబ్బతిన్నవి’. ఊరందరికీ ఆ గడి నింపాను.

మా ఊరికి లెక్కలకు వచ్చిన బృందం నా నోట్‌బుక్ చూసి మెచ్చుకుంది. దాని సాయంతో వాళ్ల పని తొందరగా అయింది కూడా. కానీ వాళ్ల కాగితంలో నా చివరి గడి లేదు. పడిన చెట్టు పక్కన రైతును నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. నిలబడ్డ చెట్టు పక్కన నిలబెడితే ఆ ఫోటోలో ఏం కనిపిస్తుంది? పడిన కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయలని ప్రకటించారు. ఏడాదికి ఎనభై కాయలు, కాయ పది రూపాయలు వేసుకున్నా ఆ డబ్బు రెండేళ్ల కాపుకి సరిపోదు. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అయినా ఆ డబ్బు రాలేదని నేను అనను. వచ్చింది, మా ఇంట్లో ఆ చలికాలం దాంతోనే గడిచింది. నా బాధ ఆ చివరి గడి గురించే.

కొబ్బరి చెట్టు సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. బాగున్న చెట్టు సుమారు నెలకో మట్ట వేస్తుంది. ప్రతి మట్ట చంకలోనూ ఒక గెల. పొత్తి, అంటే పూగెలను మూసి ఉంచే తొడుగు, విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి ఏడాది. అంటే ఒకే చెట్టు మీద ఏ నెలకు ఆ నెల గెల, పెద్దదాని మీద చిన్నది, వరసగా ఉంటుంది. అందుకే కొబ్బరి రైతుకు రెండు నెలలకోసారి చేతిలో డబ్బు ఆడుతుంది. గాలికి మట్ట విరిగితే ఆ నెల గెల పోయినట్టే. అంతటితో అయిపోలేదు. గెల బయటికి కనిపించడానికి రెండున్నరేళ్లకు పైగా ముందే మొవ్వు లోపల తయారవడం మొదలవుతుందట. వ్యవసాయ కాలేజీలో చదివిన మా పిన్ని కొడుకు ఈ మాట చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి దెబ్బ ఆ చెట్లకు 2019లోనూ ఉంది, 2020లోనూ ఉంది. చూడ్డానికి పచ్చబడ్డాయి. కొత్త మట్టలు వచ్చాయి. గెలలు సన్నగా, పిందె నిలవకుండా రాలిపోయేవి. దారిన పోయేవాళ్లు “మీవి కొన్ని మిగిలాయి, అదృష్టం” అనేవారు. మొవ్వు మెలితిరిగిన తొమ్మిది చెట్లు తుఫాను తర్వాతి ఎండాకాలంలోపే చచ్చిపోయాయి. అప్పటికి లెక్కలు అయిపోయాయి.

పడిన దుంగలు ఇంకో కష్టం. ఎవరు తీస్తారు? జేసీబీకి గంటకు ఇచ్చే డబ్బు దుంగ అమ్మినా రాదు. ఇటుక బట్టీల వాళ్లు మోత ఖర్చులకు మాత్రం ఇస్తామన్నారు. చాలామంది తోట చివరకు దొర్లించి వదిలేశారు. కుళ్లిన కొబ్బరి దుంగల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. నల్లగా, బొటనవేలంత, తల మీద చిన్న కొమ్ముతో ఉంటుంది. చీకటి పడ్డాక ఎగిరొచ్చి మొవ్వులోకి తొలుచుకుని పోతుంది. లోపల మడిచి ఉన్న ఆకును అది కొరికేస్తే, తర్వాత ఆ ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు వరసగా కోతలు కనిపిస్తాయి. 2019 వర్షాలకు నాన్న అరవై నాలుగు మొక్కలు నాటారు. రోజూ సాయంత్రం టార్చి, ఇనుప కొక్కెం పట్టుకుని ఒక్కో మొక్క మొవ్వు దగ్గర వంగి చూసేవారు. పురుగు దొరికితే కొక్కెంతో లాగి, ఆ కన్నంలో వేపపిండి, ఇసుక కలిపి పోసేవారు. దొరకని రోజు ఇంకా టెన్షన్. అరవై నాలుగులో ఇరవై మూడు పోయాయి. తుఫాను వచ్చి రెండేళ్లయ్యాక కూడా తుఫాను వల్లే చెట్లు చస్తున్నాయని ఎవరికి చెప్పుకుంటాం?

మా వీధిలో నలుగురు కుర్రాళ్లు అప్పుడే హైదరాబాదు, చెన్నై పోయారు, ఇద్దరు గల్ఫ్ వెళ్లారు. జీడిపప్పు ఒలిచే పనికి పలాస వైపు వెళ్లే ఆడవాళ్లకు కొన్నాళ్లు పని లేదు. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, ఒకటి తప్పిపోయింది. వీళ్లంతా కూడా నా చివరి గడిలోనివాళ్లే అని నాకనిపిస్తుంది. పడలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

నాకు తర్వాత టీచర్ ఉద్యోగం వచ్చింది, పక్క మండలంలో. సెలవులకు ఇంటికొస్తాను. ఈ అక్టోబరులో వచ్చేసరికి నాన్న ముదిరిన కాయలు దింపించేశారు, ఎండు మట్టలు కొట్టించారు. ట్యాంకు నింపి ఉంది. గొడ్డలికి సాన పట్టించి తలుపు వెనక పెట్టారు. ఏటా అక్టోబరు మొదట్లోనే ఇదంతా చేస్తారు, తుఫాను వార్త ఉన్నా లేకపోయినా. 2019 మొక్కల్లో ఏడు గెల వేశాయని చూపించడానికి నన్ను టార్చి లైటుతోనే తోటలోకి తీసుకెళ్లారు, పొద్దున దాకా ఆగకుండా. పొత్తి అప్పుడే విచ్చుకుంది, లోపల గింజలు మీగడ రంగులో ఉన్నాయి.

భోజనాలయ్యాక బీరువా మీది నోట్‌బుక్ దించాను. దాని చివరి పేజీ పెదనాన్న చనిపోయిన ఏడాది పెద్దమ్మ రాయించింది. అందులో చెట్లు లేవు. ఊళ్లో డయాలసిస్ చేయించుకునేవాళ్ల పేర్లు, పేరు పక్కన వాళ్ల వారాలు, గాలివాన వస్తే బైకు తీసే ఇద్దరు కుర్రాళ్ల పేర్లు ఉంటాయి. ఏటా అక్టోబరుకి కొట్టేసినవి కొట్టేసి, కొత్తవి రాస్తాను. పెద్దమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ చెప్పింది. మంగళ, శుక్ర. సోమ, గురు. బుధ, శని. ఈ ఏడాది పదకొండు మంది.